పట్టాలు తీసేశాక ఆ నేల పట్టా ఎవరిది?

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో కంబర్లాండ్ అనే పాత రైల్వే ఊరు ఉంది. అక్కడి నుంచి కొండ మీది ఫ్రాస్ట్‌బర్గ్ వైపు సైకిలు తొక్కుతూ వెళ్తే దారిలో బ్రష్ టన్నెల్ అనే సొరంగం వస్తుంది. పొడవు 914 అడుగులు. లోపల ఒక పక్క రైలు పట్టాలు, వాటి పక్కనే సైకిలు బాట. పట్టాలు ఉత్తుత్తివి కావు, వాటి మీద ఇప్పటికీ పర్యాటక రైలు నడుస్తోంది. కొన్ని రోజుల్లో ఆ రైలును లాగేది నిజమైన ఆవిరి ఇంజనే. 1949లో బాల్డ్విన్ కర్మాగారంలో తయారైన ఆ ఇంజన్ నంబరు 1309.

రైలు సొరంగంలో ఉన్నప్పుడు సైకిలువాళ్లు లోపలికి వెళ్లకూడదు. కూత వినపడితే బయటే దిగి, సైకిలు పక్కకు ఆనించి నిలబడాలి. ముందు నేల సన్నగా అదురుతుంది. తర్వాత సొరంగం నోట్లోంచి ఇంజను, దాని వెనకాలే పొగ. బోగీలన్నీ వెళ్లిపోయాక కూడా లోపల పొగ వెంటనే పోదు. కాసేపు ఆగి వెళ్లడమే మంచిది. లోపల తడి రాయి వాసన, బొగ్గు వాసన కలిసిపోయి ఉంటాయి. సైకిలు బాట మీద ఇలాంటి అనుభవం ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

ఈ దారి పేరు గ్రేట్ అలగేనీ పాసేజ్. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా దాదాపు 240 కిలోమీటర్లు. మోటారు బండ్లు రావు, టికెట్ లేదు. నదుల వెంట, అడవుల్లోంచి, చిన్న చిన్న ఊళ్ల మీదుగా సాగిపోతుంది. కంబర్లాండ్‌లో ఇది ముగిసిన చోటే చీసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు మొదలవుతుంది. ఆ గట్టు మీద ఇంకో 297 కిలోమీటర్లు తొక్కితే వాషింగ్టన్ నగరం. రెండూ కలిపి 530 కిలోమీటర్ల పైచిలుకు.

ఇలాంటి దారి గురించి విన్నప్పుడు చాలామంది అనుకునేది ఒకటే: రైల్వే వాళ్లు లైను మూసేశారు, పట్టాలు పీకేశారు, ప్రభుత్వం కంకర పోసింది, జనం సైకిళ్లు వేసుకొచ్చారు. అంత సులువైతే ప్రతి మూసేసిన లైనూ ఈపాటికి సైకిలు బాట అయ్యుండేది. కంకర పోయడం ఇందులో తేలికైన పని. అసలు చిక్కంతా నేల దగ్గర ఉంది. పట్టాలు తీసేశాక ఆ నేల పట్టా ఎవరి పేరు మీద ఉంటుందన్న ప్రశ్న దగ్గర ఊళ్లు చీలిపోయాయి, కోర్టుల్లో దశాబ్దాల పాటు కేసులు నడిచాయి, అమెరికా సుప్రీంకోర్టు రెండుసార్లు తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ చిక్కు విప్పే ముందు, అసలు రైలు దారే ఎందుకు కావాలో చూద్దాం.

ఇనుప పట్టా మీద ఇనుప చక్రం. రాపిడి చాలా తక్కువ. అందుకే ఒక ఇంజను వేల టన్నులు లాగగలదు. కానీ అదే తక్కువ రాపిడి వల్ల ఎత్తు ఎక్కాల్సి వస్తే చక్రం జారుతుంది. కాబట్టి రైలు దారి వేసే ఇంజనీరుకు వాలు బద్ధ శత్రువు. వంద అడుగులు ముందుకు వెళ్లేసరికి దారి రెండు అడుగులు పైకి లేస్తే అదే ఎక్కువ. కొండ అడ్డొస్తే చుట్టి వెళ్తారు, తొలుస్తారు. లోయ వస్తే వంతెన కడతారు, లేదా మట్టి కట్ట పోస్తారు. ఆ శ్రమంతా రైలు కోసం చేసినదే. వందేళ్ల తర్వాత దాని ఫలం సైకిలు తొక్కేవాడి మోకాళ్లకు దక్కింది.

కంబర్లాండ్ సముద్ర మట్టానికి సుమారు 600 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 38 కిలోమీటర్ల దూరంలో తూర్పు ఖండ విభజన రేఖ వస్తుంది. ఆ రేఖకు ఒక పక్క పడ్డ వాన అట్లాంటిక్‌లోకి, ఇంకో పక్క పడ్డది మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖలోకి పోతుంది. దాని ఎత్తు 2,392 అడుగులు. అంటే దాదాపు 1,800 అడుగులు ఎక్కాలి. వినడానికి భయం వేస్తుంది కానీ దారిలో అత్యధిక వాలు వందకు 1.75 మాత్రమే. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే వందకు ఒకటి కూడా ఉండదు. అందుకే అరవై దాటినవాళ్లు, పిల్లలు కూడా ఈ కొండలు దాటేస్తారు. ఎక్కడం కష్టమనుకునేవాళ్లు కంబర్లాండ్‌లో సైకిలును ఆ పర్యాటక రైలు ఎక్కించి, ఫ్రాస్ట్‌బర్గ్‌లో దిగి, కిందికి 25 కిలోమీటర్లు జారుకుంటూ వచ్చేస్తుంటారు.

ఇలాంటి వాలును ఈ రోజుల్లో కొత్తగా సైకిళ్ల కోసం చెక్కమంటే ఏ ప్రభుత్వమూ డబ్బివ్వదు. రేఖకు కాస్త ఇవతల బిగ్ శావేజ్ అనే సొరంగం ఉంది, పొడవు ఇంచుమించు కిలోమీటరు. మైయర్స్‌డేల్ అనే ఊరు దాటాక సాలిస్‌బరీ వయడక్ట్ అనే ఉక్కు వంతెన కాసిల్‌మన్ నదినీ, పొలాలనూ, హైవేనూ ఒకే ఊపులో దాటుతుంది. పొడవు 1,908 అడుగులు. రెండూ 1910ల మొదట్లో రైలు కోసం కట్టినవే.

అంత కష్టపడి వేసిన లైను ఎందుకు మూతపడింది? దానికి జవాబు నదికి అవతలి ఒడ్డున ఉంది. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే ఈ కొండల గుండా పిట్స్‌బర్గ్, కంబర్లాండ్‌లను 1871లోనే కలిపింది. నలభై ఏళ్ల తర్వాత దానికి పోటీగా వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే అదే లోయల్లో తన లైను వేసి 1912లో రైళ్లు నడిపింది. పాత కంపెనీ ఒక ఒడ్డు తీసుకుంటే కొత్తది రెండో ఒడ్డు తీసుకుంది. లారీలు, హైవేలు వచ్చాక ఇద్దరికీ సరిపడా సరుకు లేకుండా పోయింది. చివరికి రెండు కంపెనీలూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఒకే లోయలో రెండు లైన్లు ఎవరు పోషిస్తారు? 1975లో వెస్టర్న్ మేరీల్యాండ్ లైను ఆపేశారు. అవతలి లైను మీద ఇప్పటికీ గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. సైకిలు తొక్కేవాళ్లకు చెట్ల సందుల్లోంచి అవి కనపడతాయి, రాత్రి గుడారంలో పడుకుంటే వినపడతాయి.

అమెరికా అంతటా జరిగిన కథే ఇది. 1916లో ఆ దేశంలో సుమారు 2,54,000 మైళ్ల రైలు మార్గం ఉండేది, అదే శిఖరం. ఆ తర్వాత తరుగుదలే. 1976లో, 1980లో వచ్చిన చట్టాల వల్ల నష్టాల లైన్లు వదిలించుకోవడం కంపెనీలకు మరీ తేలికైపోయింది. ఏటా వేల మైళ్లు మూతపడుతుంటే ఒక ఆందోళన మొదలైంది. ఇవాళ లాభం లేదని వదిలేసిన లైను రేపు దేశానికి అవసరమైతే? మళ్లీ ఆ నేల దొరుకుతుందా?

ఇక్కడే పట్టా గొడవ మొదలవుతుంది. రైలు దారి కింద నేల అంతా రైల్వే కంపెనీ కొనుక్కున్నదేనని మనం అనుకుంటాం. నిజానికి ఒకే లైను కింద రకరకాల హక్కులు అతుకుల బొంతలా ఉంటాయి. కొన్ని ముక్కలు కంపెనీ డబ్బిచ్చి పూర్తిగా కొన్నది. అక్కడ పేచీ లేదు, అమ్ముకోవచ్చు. కొన్ని ముక్కల్లో రైతు నేల అమ్మలేదు. తన పొలంలోంచి రైలు పోవడానికి మాత్రమే హక్కు రాసిచ్చాడు. దాన్నే ఈజ్‌మెంట్ అంటారు. మన ఊళ్లలో ఒకరి చేలోంచి ఇంకొకరి చేలోకి బండి దారి ఇచ్చినట్టు. దారి వాడుకునే హక్కు వాళ్లది, నేల మాత్రం ఇచ్చినవాడిదే. ఆ వాడకం ఆగిపోతే హక్కు కూడా రద్దయి, నేల రైతు చేతికో, అతని వారసుల చేతికో తిరిగి వస్తుంది. ఇక మూడో రకం, పశ్చిమ రాష్ట్రాల్లో 1875 నాటి చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం తన భూముల గుండా రైల్వేలకు ఇచ్చిన దారి.

ఇప్పుడు వంద కిలోమీటర్ల లైను ఒకటి ఊహించుకోండి. వెడల్పు చాలాచోట్ల వంద అడుగులే. అందులో మొదటి ఇరవై కిలోమీటర్లు కంపెనీ సొంతం, తర్వాతి ముప్పై ఈజ్‌మెంట్లు, మళ్లీ ఒక సొంత ముక్క, మళ్లీ ఈజ్‌మెంట్. కంపెనీ ‘మేం వదిలేశాం’ అని సంతకం పెట్టిన రోజున ఈజ్‌మెంట్ ముక్కలన్నీ ఒక్కసారిగా వందలమంది పక్క రైతులకు పోతాయి. మిగిలేవి మధ్యమధ్యలో తెగిన ముక్కలు. దారికి విలువంతా అది తెగకుండా ఉండటంలోనే. నూరు కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు పోయినా అది అటు రైలుకూ పనికిరాదు, ఇటు సైకిలుకూ పనికిరాదు. వందేళ్ల కింద చవగ్గా కూడబెట్టిన ఆ సన్నటి పోగును ఇవాళ ఇంటింటికీ వెళ్లి కొనాలంటే జరిగే పని కాదు.

దీనికి అమెరికా పార్లమెంటు 1983లో ఒక ఉపాయం కనిపెట్టింది. నేషనల్ ట్రెయిల్స్ సిస్టమ్ చట్టానికి చేసిన ఆ సవరణను రైల్‌బ్యాంకింగ్ అంటారు. దారిని బ్యాంకులో దాచడం అన్నమాట. రైల్వే కంపెనీ లైను వదిలేయడానికి అర్జీ పెట్టుకున్నప్పుడు ఒక ట్రెయిల్ (బాట) నడిపే సంస్థో, ఊరి పాలక సంస్థో ముందుకొచ్చి, ఈ దారి నిర్వహణ, పన్నులు, ప్రమాదాల బాధ్యత మాదే అని రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు. కంపెనీ సరేనంటే ఆ లైనును చట్టం ‘వదిలేసినట్టు’ లెక్కేయదు. భవిష్యత్తులో రైలు అవసరం కోసం కాపాడుతున్నట్టు లెక్కేస్తుంది. ఈలోపు సైకిలు బాటగా వాడుకోవడం తాత్కాలిక వాడకం మాత్రమే. పట్టాలు, స్లీపర్లు కంపెనీ తీసుకుపోవచ్చు. వంతెనలు, కల్వర్టులు మాత్రం సాధారణంగా అలాగే వదిలేస్తారు. ఎప్పుడైనా రైలు మళ్లీ నడపాలనుకుంటే దారి తిరిగి ఇచ్చేయాలి. ‘వదిలేయలేదు’ కాబట్టి ఈజ్‌మెంట్లు రద్దు కావు, రైతుకు నేల తిరిగి పోదు.

చూడటానికి ఒక్క మాట మార్పే. కానీ ఆ ఒక్క మాట మీద రైతులకు ఎంత కోపం వచ్చిందో అర్థం చేసుకోవాలి. వాళ్లది మూర్ఖత్వమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. తాత రైలు కోసమని దారి రాసిచ్చాడు. రైలు పోయింది. పట్టాలు కూడా తీసుకుపోయారు. ఇక ఆ నేల కలుపుకుని దున్నుకోవచ్చనుకునేలోపు, ‘ఇది ఇంకా రైలు దారే, కాకపోతే కొన్నాళ్లు సైకిళ్లు పోతాయి’ అంటే ఎవరికైనా మండుతుంది. ఇంటి పెరటి వెనక నుంచి రోజూ ముక్కూముఖం తెలియనివాళ్లు వెళ్తుంటారనే టెన్షన్ దీనికి తోడు.

వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చాంప్లేన్ సరస్సు ఒడ్డున నేల ఉన్న ప్రెసాల్ట్ కుటుంబం ఈ చట్టాన్నే సవాలు చేసింది. 1990లో సుప్రీంకోర్టు, చట్టం చెల్లుతుంది అని ఏకగ్రీవంగా చెప్పింది. దేశంలో రైలు దారులు కాపాడుకోవడం పార్లమెంటు అధికారంలోనిదేనంది. అయితే, దీనివల్ల ఎవరి ఆస్తి అయినా పోయిందనుకుంటే వాళ్లు ప్రభుత్వం నుంచి పరిహారం కోరవచ్చని కూడా అంది. 1996లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఆ కుటుంబం నేలను ప్రభుత్వం తీసుకున్నట్టేనని, డబ్బు కట్టాల్సిందేనని తేల్చింది. ఆ తర్వాత అలాంటి పరిహారం కేసులు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో పుట్టుకొచ్చాయి. ఇందులో ఒక ముఖ్యమైన సంగతి, ఆ డబ్బు కట్టేది ఫెడరల్ ఖజానా, బాట నడిపే చిన్న సంస్థ కాదు. అలా కాకపోయి ఉంటే ఈ బాటల్లో చాలావరకు మొదటి కేసుకే మూతపడేవి. నాకైతే ఇది న్యాయమైన ఏర్పాటే అనిపిస్తుంది. దారి దేశం కోసం దాస్తున్నప్పుడు దాని ఖర్చు కూడా దేశమే భరించాలి.

2014 నాటి బ్రాండ్ట్ అనే భూయజమాని కేసు ఇంకో దెబ్బ. వ్యోమింగ్ రాష్ట్రంలో 1875 చట్టం కింద ఇచ్చిన పాత రైలు దారి అది. లైను పూర్తిగా వదిలేశాక ఆ నేల తిరిగి తనదేనని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు 8-1 తేడాతో కాదంది. అది ఈజ్‌మెంటే కాబట్టి రద్దయ్యాక నేల దాని చుట్టూ ఉన్న భూమి యజమానికే చెందుతుందని చెప్పింది. ఈ తీర్పుతో సైకిలు బాటలన్నీ పోయినట్టేనని అప్పట్లో గగ్గోలు పుట్టింది. రైల్‌బ్యాంకింగ్‌లో ఉన్న దారులకు మాత్రం దీనివల్ల ఏమీ కాలేదు, ఎందుకంటే అవి చట్టం దృష్టిలో ‘వదిలేసినవి’ కానే కావు. దెబ్బ తగిలే ముప్పు ఉన్నది, ఆ ఏర్పాటు లేకుండా పాత ప్రభుత్వ దారుల మీద ఉన్న బాటలకు.

ఈ ‘తెగకూడదు’ అనే సూత్రం ఎంత దూరం వెళ్తుందో మిస్సోరీ రాష్ట్రంలోని బూన్‌విల్ వంతెన కథ చెప్తుంది. అక్కడ కేటీ ట్రెయిల్ అని దాదాపు 385 కిలోమీటర్ల బాట ఉంది. 1986లో మిస్సోరీ నది వరదలకు దెబ్బతిన్నాక మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైల్వే ఆ లైను వదులుకుంది. రాష్ట్రం దాన్ని రైల్‌బ్యాంకింగ్ కింద తీసుకుంది. పెట్టుబడి వ్యాపారంలో సంపాదించిన టెడ్ జోన్స్ అనే దాత 22 లక్షల డాలర్లు ఇవ్వడంతో పని ముందుకు సాగింది. బూన్‌విల్ దగ్గర నది మీద 1930ల నాటి రైలు వంతెన ఉంది, మధ్యభాగం పడవల కోసం పైకి లేచే రకం. సైకిలువాళ్లు దాని మీదుగా వెళ్లరు, పక్కనున్న హైవే వంతెన మీదుగా దాటేస్తారు. వాడకంలో లేదు కదా అని ఆ ఉక్కు తీసుకెళ్లి ఇంకోచోట వాడుకుంటానంది దాని యజమాని అయిన యూనియన్ పసిఫిక్ రైల్వే.

చూడబోతే తుప్పు పట్టిన పాత వంతెన. దానికి ఎందుకంత రాద్ధాంతం అనిపిస్తుంది. కానీ వంతెన తీసేస్తే రైలు దారి తెగిపోయినట్టు. రైలు మళ్లీ నడవడానికి వీల్లేని దారిని ‘రైలు కోసం దాచాం’ అని ఎలా చెప్తారని రేపు ఎవరో కోర్టుకెక్కితే 385 కిలోమీటర్ల బాట మొత్తానికి ఎసరు రావచ్చు. రాష్ట్ర అటార్నీ జనరల్ ఈ వాదనతోనే కేసు వేశారు. ఏళ్లు గడిచాక, 2010లో కంపెనీ వంతెనను ఊరికి అప్పగించడానికి ఒప్పుకుంది. సైకిళ్లు పోని వంతెనే ఆ బాట ప్రాణాన్ని పట్టుకుని నిలబడింది. రైలు బాటల గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఈ వంతెన సంగతే.

మళ్లీ గ్రేట్ అలగేనీ పాసేజ్ దగ్గరికి వద్దాం. వెస్టర్న్ మేరీల్యాండ్ లైను 1975లో ఆగింది, రైల్‌బ్యాంకింగ్ వచ్చింది 1983లో. అంటే ఆ రక్షణ దానికి లేదు. ముక్కలు ముక్కలుగా సంపాదించాల్సి వచ్చింది. ఒహాయోపైల్ దగ్గరి భాగాన్ని వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్జర్వెన్సీ అనే సంస్థ 1978లో కొని కాపాడింది. 1986లో అక్కడే మొదటి బాట తెరుచుకుంది, యాకగేనీ నది వెంట పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. 1995లో చిన్న చిన్న ట్రెయిల్ బృందాలన్నీ ఒక కూటమిగా ఏర్పడ్డాయి. కంబర్లాండ్ దాకా కలిసింది 2006లో. పిట్స్‌బర్గ్ వైపు ఫ్యాక్టరీల నేలలు, నడుస్తున్న గూడ్సు లైన్ల మధ్య చిక్కుకున్న చివరి చిన్న ముక్క పూర్తయ్యేసరికి 2013. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా 27 ఏళ్లు. అడవుల్లో, కొండల్లో పని త్వరగానే అయింది. ఊరు దగ్గరయ్యేకొద్దీ అడుగు అడుగుకీ ఆగింది.

ఇక నడుస్తున్న రైలు పక్కనే బాట వేయడం సంగతి. రైల్వే కంపెనీల అభ్యంతరాల్లో ఊరికే చెప్పేవి కొన్ని ఉండొచ్చు, కానీ చాలావరకు నిజమైనవే. పట్టాల మీద మనిషి ఉంటే డ్రైవరు ఏమీ చేయలేడు. నిండు గూడ్సు బండి ఆగడానికి కిలోమీటరు పైనే పట్టవచ్చు. బాట వేస్తే పట్టాల వైపు వచ్చేవాళ్లు పెరుగుతారన్నది కంపెనీల భయం. ఇంకో వాదన దీనికి పూర్తిగా ఎదురు: జనం ఎలాగూ పట్టాల మీదే నడుస్తున్నారు, పక్కన కంచె వేసి సరైన దారి ఇస్తే పట్టాల జోలికి రారు. రెండింట్లోనూ నిజం ఉంది. ఏది నెగ్గుతుందన్నది కంచె ఎక్కడ ఉంది, బాట పట్టాలను ఎన్నిసార్లు దాటుతుంది, రైళ్లు ఎంత వేగంగా, ఎన్ని పోతాయి అనే వాటి మీద ఆధారపడుతుంది. అమెరికా రవాణా శాఖ 2002లో దీని మీద ఒక పెద్ద నివేదిక తెచ్చింది. పట్టాలకూ బాటకూ మధ్య ఇంత దూరం ఉండాలని దేశమంతటికీ ఒకే కొలత అందులోనూ లేదు. ప్రతి చోటా ఆ చోటుకు తగ్గట్టు తేల్చుకోవాల్సిందే.

భద్రత ఒక్కటే కాదు. పట్టాలు బాగుచేసే యంత్రాలు తిరగడానికి చోటు కావాలి. రేపు రెండో లైను వేయాల్సి వస్తే ఆ చోటులో బాట ఉండకూడదు. ఎవరైనా పడి దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎవరిమీద పడుతుందన్నది తేలాలి. కంపెనీ సంతకం దగ్గర ఎక్కువ కాలం ఆగేది ఈ చివరిదాని మీదే. బాట నడిపే సంస్థ బీమా చూపించి, బాధ్యత తన మీద వేసుకుంటేనే మాట ముందుకు పోతుంది.

కంబర్లాండ్, ఫ్రాస్ట్‌బర్గ్ మధ్య ఇదంతా ఎందుకు కుదిరిందంటే, అక్కడ నడిచేది కొండ మీదికి నిదానంగా ఎక్కే పర్యాటక రైలు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే సరుకు బండి కాదు. రైలుకు వచ్చేవాళ్లు, సైకిలుకు వచ్చేవాళ్లు ఒకే ఊళ్లో తింటారు, ఒకే ఊళ్లో పడుకుంటారు. ఒకరు బాగుంటే ఇంకొకరికి లాభం. ఈ ఏర్పాటు చూసి ప్రతి గూడ్సు లైను పక్కనా బాట వేయొచ్చనుకోవడం పొరపాటు. అలాగే, రైలు ఉంటే బాట కుదరదనడం కూడా పొరపాటే.

రైలు మీద ప్రేమ ఉన్నవాళ్లూ, సైకిలు మీద ప్రేమ ఉన్నవాళ్లూ ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో కనపడింది. యూటికా నుంచి లేక్ ప్లాసిడ్ దాకా ఉన్న పాత లైను రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. టప్పర్ లేక్ తర్వాతి 34 మైళ్ల పట్టాలు తీసేసి సైకిలు బాట వేద్దామని రాష్ట్రం అనుకుంటే, రైలు సంఘం కోర్టుకు వెళ్లింది. 2017లో కోర్టు ఆ ప్రణాళికను కొట్టేసింది. ఆ నేలను అడిరాండాక్ పార్కు నిబంధనల్లో ‘ప్రయాణ మార్గం’గా నిర్వచించిన తీరుకు పట్టాలు తీసేయడం పొసగదంది. రాష్ట్రం నిర్వచనం మార్చుకుని మళ్లీ వచ్చింది. చివరికి టప్పర్ లేక్ దాకా రైలు, అక్కడి నుంచి బాట అని పంచుకున్నారు. పక్కపక్కన కుదరకపోతే ఒకదాని తర్వాత ఒకటి. కానీ ఆ కొట్లాటలో పదేళ్లు పోయాయి, పాత స్నేహాలూ కొన్ని పోయాయి.

బాట వచ్చాక పని అయిపోయినట్టు కాదు. రైలు వాళ్లు వదిలి వెళ్లినవాటిలో నీళ్లు పోయే తూములు, కాలవలు అన్నీ వందేళ్ల నాటివి. ఒక్క తూము పూడుకుపోతే పెద్ద వానకు కట్టంతా కొట్టుకుపోతుంది. పాత రైలు నేలలో స్లీపర్లకు పూసిన రసాయనాలు, కలుపు మందుల అవశేషాలు ఉండొచ్చు, వాటిని పరీక్షించి పైన శుభ్రమైన పొర పరచాలి. బిగ్ శావేజ్ సొరంగంలో రాతిలోంచి ఊరే నీరు చలికాలంలో గడ్డకట్టి సొరంగం లోపలి గోడను పగలగొడుతుంది. అందుకే ఏటా డిసెంబరు ప్రాంతంలో సొరంగం రెండు చివర్లా పెద్ద తలుపులు మూసేసి, మళ్లీ ఏప్రిల్ వేళకు తెరుస్తారు. ఆ నాలుగు నెలలూ దారి అక్కడితో ఆగిపోతుంది. కొత్తగా వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలియక ప్లాన్ వేసుకుంటే కొండ మీద ఇరుక్కుంటారు. ఈ పనుల్లో చాలావరకు మోసేది ఊళ్లలోని స్వచ్ఛంద బృందాలే. పడిన చెట్లు కోసేది, గడ్డి కొట్టేది, తూములు శుభ్రం చేసేది రిటైరైన పెద్దవాళ్లు. వాళ్ల వయసు పెరుగుతోంది, ఆ పనికి కొత్తవాళ్లు కావాలి.

అమెరికాలో ఉంటూ తమ ఊరి దగ్గర లైను మూతపడుతోందని విన్నవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. లైను వదిలేయడానికి కంపెనీ అర్జీ పెట్టేది సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు దగ్గర. 1996 నుంచి ఈ వ్యవహారాలు చూసేది ఆ బోర్డే. రైల్‌బ్యాంకింగ్ కావాలనుకునే ఊరు లేదా సంస్థ ఆ అర్జీ నడుస్తుండగానే, బాధ్యత తీసుకుంటామని రాసిచ్చి, కంపెనీతో మాట్లాడుకోవడానికి అనుమతి అడగాలి. కంపెనీ ఒప్పుకుంటే చర్చలకు ఏడాది గడువు ఇస్తారు, పొడిగించుకోవచ్చు కూడా. అప్పటికి నిధులు చేతిలో ఉండాల్సిన పని లేదు, డిజైను కూడా అక్కర్లేదు. ఆ ఒక్క కాగితం వేళకు చేరితే చాలు. ఎవరూ అడగకపోతే కంపెనీ పట్టాలు తీసేసి, లైను వదిలేసే పని పూర్తయిందని బోర్డుకు తెలియజేస్తుంది. ఆ తర్వాత ఆ దారి మీద బోర్డుకు అధికారం ఉండదు, ఈజ్‌మెంట్ ముక్కలు ఎవరివి వాళ్లకు పోతాయి.